మెదడును దాచిన మనిషి నిలుచునా?

మెదక్ పట్టణమందలి వీరశైవ గృహములలో పెద్దలు లింగైక్యము చెందినప్పుడు దేహమునకు స్నానము చేయించి, విభూతి ధరింపజేసి, పద్మాసనమున కూర్చుండబెట్టి, ఎడమ అరచేత ఇష్టలింగము నుంచి సమాధి చేయుదురు. దేహము మట్టిలో కలియును, ప్రాణము లింగమున ఐక్యమగునని వీరశైవుల విశ్వాసము.

ఇందుకు భిన్నమైన ఆశ యొకటి పాశ్చాత్య దేశములలో అరువది యేండ్లుగా నడచుచున్నది. మరణించినవాని మెదడును గొప్ప చలిలో దాచినచో, భావికాలపు విజ్ఞానము వానిని మరల బ్రతికింపగలదని ఆ ఆశ. పిల్లలు దీనిని గూర్చి అడిగినప్పుడు పెద్దలు నవ్వి త్రోసివేయరాదు. విషయము తెలిసికొని సమాధానము చెప్పవలెను.

ప్రయత్నము ఎట్టిది?

అమెరికాలో భౌతికశాస్త్రము బోధించిన రాబర్ట్ ఎటింగర్ 1964లో ఒక గ్రంథము ప్రకటించి ఈ ఆలోచనను ప్రచారము చేసెను. 1967 జనవరి 12న కేన్సరుతో మరణించిన జేమ్స్ బెడ్‌ఫర్డ్ అను ఆచార్యుని దేహమును ఈ ఉద్దేశముతో మొదటిసారిగా గడ్డకట్టించిరి. అది నేటికిని అరిజోనా రాష్ట్రమున ఆల్కార్ సంస్థలో ఉన్నది. ఎటింగర్ 2011లో మరణింపగా ఆయన దేహమును కూడ అట్లే భద్రపఱచిరి. జ్ఞాపకములకు నిలయమైన మెదడు చాలునని కొందఱు తలను మాత్రమే దాచుటకు ఒప్పందము చేసికొందురు.

వైద్యుడు మరణమును ధ్రువీకరించిన వెంటనే దేహమును చల్లబఱచుదురు. రక్తమునకు బదులు, మంచు పలుకులు కట్టనీయని రసాయన ద్రవమును నాళములలోనికి ఎక్కింతురు. పిమ్మట ద్రవ నత్రజనిలో, సున్నకు దిగువ 196 డిగ్రీల సెల్సియస్ చలిలో ఉంతురు. ఆ చలిలో కుళ్ళుట ఆగిపోవును.

ఫలించినదెంత?

మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ప్రాణవాయువు అందని కొద్ది నిమిషములకే అవి దెబ్బతిన నారంభించును. 2016లో అమెరికా పరిశోధకులు ఒక కుందేలు మెదడును దాచి, కణముల నడుమనున్న సూక్ష్మ సంధానములు చెదరక నిలిచినవని సూక్ష్మదర్శినిలో చూపిరి. అది గొప్ప పనియే. కాని వాడిన రసాయనము కణములను శాశ్వతముగ బిగించివేయును. ఆ మెదడు మరల పనిచేయదు. ఇంటి పటము నిలిచినంతనే ఇల్లు నిలిచినట్లు కాదు. ఇట్లు దాచబడిన మానవులలో ఒక్కరైనను ఇంతవఱకు తిరిగి లేవలేదు.

బెంగుళూరు చూపిన మార్గము

మెదడును దాచుటకు మఱియొక ప్రయోజనమును కలదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో 1995లో మానవ మెదడుల నిధి ఏర్పడినది. కుటుంబసభ్యుల సమ్మతితో సేకరించిన మెదడులను అచ్చట భద్రపఱచి నాడీ వ్యాధుల పరిశోధనకు ఇత్తురు. ఇచ్చినవారు తిరిగి వత్తురని అచ్చట ఎవరును ఆశింపరు. ఇంకొకరి వ్యాధి కుదురుటకు త్రోవ దొరకవలెననియే కోరుదురు.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు కాయకమును, దాసోహమును జీవితమునకు ఆధారములుగ బోధించెను. దేహమును ఆయన హీనపఱచలేదు, దానిని శివుని ఆలయముగ భావించెను. అయినను ఆలయము తనకొఱకు తాను నిలుచునది కాదు. శ్రమించి గడించినదానిని సమాజమునకు అర్పింపవలెనన్నచో, చివరకు మిగిలిన దేహమును గూర్చియు అదే ప్రశ్న పుట్టును. ఇది తనకై దాచదగినదా, ఇతరులకు ఈయదగినదా?

కుటుంబములు ఆలోచింపవలసినది

నేత్రదానమున మరణించిన ఆఱు గంటలలోపల కార్నియా అను పారదర్శక పొరను గ్రహింతురు. ముఖము వికృతము కాదు, సమాధిక్రియకు ఆటంకము లేదు. మెదడు మరణించి, యంత్రసహాయమున గుండె ఆడుచున్నవారి అవయవములను దానము చేయుటకు 1994 నాటి చట్టము వీలు కల్పించినది. తెలంగాణమున జీవన్‌దాన్ పథకము ఈ కార్యమును నడుపుచున్నది. అవయవములు గ్రహించిన పిమ్మట దేహమును బంధువులకు అప్పగింతురు.

సంపూర్ణ దేహదానము మాత్రము వేఱు. 2024లో మెదక్ పట్టణమున ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడినది. వైద్యవిద్యార్థుల అధ్యయనమునకు దేహములు కావలెను. కాని దేహమంతయు ఇచ్చినచో ఆచారము చొప్పున సమాధి చేయు వీలుండదు. కావున గురువుతోను, ఇంటివారితోను జీవించియున్నప్పుడే మాటాడి, నిర్ణయమును వ్రాసియుంచుట మేలు. దుఃఖముననున్న బిడ్డలపై ఆ భారము మోపరాదు.

మననమునకు ప్రశ్నలు

1. మరణానంతరము మెదడును దాచుటలో అరిజోనా, బెంగుళూరు సంస్థల ఉద్దేశములకు గల భేదమేమి?
2. దేహము ఆలయమైనచో, ప్రాణము పోయిన పిమ్మట దానిని దాసోహమున వినియోగించుట ఎట్లు?