కొల్లేటి దారిలో బైక్: కాలం, రోడ్డు, హెల్మెట్

ప్రశ్న: ఏలూరు నుంచి కైకలూరు మీదుగా ఆటపాక వరకు బైక్ రైడ్‌కు ఏ కాలం అనువైనది? జాగ్రత్తలేమిటి?

జవాబు: కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేటి సరస్సు మీదుగా ఈ రోడ్డు సాగుతుంది. బుడమేరు, తమ్మిలేరు పొంగితే పెదయడ్లగాడి, చిన్నయడ్లగాడి పరిసరాల్లో నీరు రోడ్డెక్కుతుంది. 2024 సెప్టెంబరు వరదల్లో ఈ దారి మునిగింది. అందుకే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఆటపాక పక్షుల అభయారణ్యంలో గూడబాతులు కనువిందు చేసేదీ అప్పుడే. తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతుంది కాబట్టి ఎండ వచ్చాక బయలుదేరడం మేలు.

అసలు ప్రమాదం వేగంలో కన్నా తడిలో ఉంది. చేపల లారీల నుంచి కారే నీరు, చెరువు గట్ల నుంచి ట్రాక్టర్ చక్రాలు మోసుకొచ్చే బంకమట్టి కలిస్తే తారు మీద సన్నని జారుడు పొర ఏర్పడుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, బండి వాలి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టకుండా ఉండాలి. అరిగిన టైరుతో ఈ దారి పట్టకూడదు. కోతల రోజుల్లో రోడ్డు పక్కన ఆరబోసిన ధాన్యమూ అంతే జారుతుంది.

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వచ్చేవారు 16వ నంబరు జాతీయ రహదారిపై పెద్ద లారీల గాలి తాకిడికి సిద్ధంగా ఉండాలి.

హెల్మెట్‌పై ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4151 సంఖ్య చూసుకోవాలి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే హెల్మెట్ పెట్టుకున్నా దండగే. వెనుక కూర్చున్నవారికీ చట్టప్రకారం హెల్మెట్ తప్పనిసరి. సాయంత్రం పురుగులు కళ్లలో పడకుండా రంగులేని వైజర్ కావాలి. అభయారణ్యం దగ్గర హారన్ మోగించకూడదు.