శబ్దంతో ఎగిరే బిందువు: అకౌస్టిక్ ఎజెక్షన్ మాస్ స్పెక్ట్రోమెట్రీ

అణువులను అయాన్లుగా మార్చి, ద్రవ్యరాశికీ ఆవేశానికీ ఉన్న నిష్పత్తిని బట్టి గుర్తించే పద్ధతే మాస్ స్పెక్ట్రోమెట్రీ. కొత్త మందుల అన్వేషణలో వేలాది నమూనాలను ఇలా పరీక్షించాలి. అసలు ఆలస్యమంతా నమూనాను యంత్రంలోకి పంపడంలోనే ఉంది. ముందుగా ద్రవ క్రొమటోగ్రఫీతో వేరుచేస్తే ఒక్కోదానికి నిమిషాలు పడుతుంది. సూదితో తీస్తే, దాన్ని ప్రతిసారీ కడగాలి; లేదంటే పాత నమూనా కొత్తదానిలో కలుస్తుంది.

ఈ చిక్కును అతిధ్వనులు తీర్చాయి. 20,000 హెర్ట్జ్‌లకు మించిన పౌనఃపున్యం గలవే అతిధ్వనులని గుర్తుంచుకోండి. నమూనాల పళ్లెం కింది నుంచి ఈ తరంగాలను ద్రవ ఉపరితలంపై కేంద్రీకరిస్తే, సుమారు 2.5 నానోలీటర్ల బిందువు పైకి ఎగురుతుంది. పైన తలకిందులుగా అమర్చిన ఓపెన్ పోర్ట్ ప్రోబ్‌లో ప్రవహించే ద్రావణి దాన్ని పట్టుకుని, అణువులను అయాన్లుగా మార్చే ఎలక్ట్రోస్ప్రేకు చేరవేస్తుంది. సూది, గొట్టం ఏదీ నమూనాను తాకదు. వేగం సెకనుకు దాదాపు ఒక నమూనా! ఇది నిజంగా గొప్ప ముందడుగు. అయితే క్రొమటోగ్రఫీ లేనందున, ఒకే ద్రవ్యరాశి గల ఐసోమర్లను విడదీయడం కష్టం.

ఈ ఎలక్ట్రోస్ప్రేకు కూడా దక్కిన 2002 రసాయన నోబెల్ దగ్గర పోటీ పరీక్షల అభ్యర్థులు తరచూ తడబడతారు. ఎలక్ట్రోస్ప్రేకు జాన్ ఫెన్, లేజర్ పద్ధతికి కోయిచి తనాకా, ఎన్‌ఎమ్‌ఆర్‌కు (అణు అయస్కాంత అనునాదం) కుర్ట్ వూత్రిచ్. మాస్ స్పెక్ట్రోగ్రాఫ్‌తో అనేక మూలకాల ఐసోటోపులు కనుగొన్న ఆస్టన్‌ది 1922 నోబెల్.