గుర్రాలలో ఉబ్బసం – గుర్తించడం, అదుపులో ఉంచడం

ఉబ్బసం మనుషులకే వస్తుందని చాలామంది అనుకుంటారు. గుర్రాలకూ వస్తుంది. పెళ్ళి ఊరేగింపులో నడిచే గుర్రమైనా, హైదరాబాదు మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తే గుర్రమైనా రోజులో ఎక్కువ గంటలు శాలలోనే ఉంటుంది. అక్కడి దుమ్ముగాలే ఈ జబ్బుకు ముఖ్య కారణం. పూర్వం దీనికి హీవ్స్ వంటి రకరకాల పేర్లుండేవి. 2016 ప్రాంతం నుంచి పశువైద్య నిపుణులు వీటన్నిటినీ కలిపి ‘గుర్రాల ఉబ్బసం’ అంటున్నారు. ఇది అంటువ్యాధి కాదు.

జబ్బు ఎలా వస్తుంది?

గుర్రం నోటితో గాలి పీల్చలేదు, ముక్కుతోనే పీల్చాలి. ఒక్కో శ్వాసకు సుమారు 5 లీటర్ల గాలి లోపలికి పోతుంది. తడిసి ఆరిన ఎండుగడ్డిలోని బూజు, దుమ్ము, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా వాయువు ఆ గాలితోపాటే వెళ్తాయి. ఊపిరి గొట్టాలు వాచి, బిగుసుకుని, చిక్కటి కఫంతో ఇరుకవుతాయి. పీల్చిన గాలిని బయటకు వదలడం కష్టమవుతుంది.

లక్షణాలు

తేలికపాటి ఉబ్బసం ఏ వయసులోనైనా రావచ్చు. అప్పుడప్పుడు దగ్గు, త్వరగా అలసిపోవడం మాత్రమే కనిపిస్తాయి. తీవ్రమైనది సాధారణంగా 7 ఏళ్ళు దాటిన గుర్రాలలో వస్తుంది. నిలబడి ఉన్నా ఆయాసపడుతుంది, ముక్కుపుటాలు విప్పారతాయి. గాలి వదలడానికి పొట్ట కండరాలు పదేపదే శ్రమపడటం వల్ల డొక్కల మీద గీతలాంటి గుంట ఏర్పడుతుంది.

విశ్రాంతిగా ఉన్న గుర్రం డొక్కలు చూస్తూ శ్వాసలు లెక్కపెట్టండి. నిమిషానికి 8 నుంచి 16 ఉంటే మామూలు. అంతకు మించి ఉంటూ దగ్గు కూడా ఉంటే డాక్టరుకు చూపించాలి.

ఉబ్బసంలో జ్వరం ఉండదు. జ్వరం, ముక్కు నుంచి చీము, చర్మంపై పుండ్లు ఉంటే గ్లాండర్స్ అని అనుమానించాలి. అది మనుషులకూ అంటుకునే ప్రాణాంతక వ్యాధి. వెంటనే పశువైద్యశాలకు తెలపాలి.

జాగ్రత్తలు

మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. సెలవులకు ఊరికి వెళ్తే ఏ పశువుకు జబ్బు చేసినా “ఏం సూది వేయాలి అబ్బాయ్?” అని అడుగుతారు. ఈ జబ్బులో సూదికంటే ముందు గడ్డి గురించి, శాల గురించి చెప్పాలి.

1. వీలైనంతసేపు గుర్రాన్ని ఆరుబయట ఉంచి పచ్చిగడ్డి మేపాలి.
2. ఎండుగడ్డిని అరగంట నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వెంటనే పెట్టాలి. బూజు పట్టిన గడ్డి నానబెట్టినా పనికిరాదు.
3. మేతను వలలో ఎత్తుగా కట్టకుండా నేలమీద పెడితే దుమ్ము ముక్కులోకి తక్కువగా పోతుంది, తల వంచి తినడంవల్ల కఫం కిందికి జారుతుంది.
4. గుర్రాన్ని బయట కట్టేసి శాల ఊడ్చాలి. తడిసిన పరుపుగడ్డిని రోజూ తీసేయాలి.
5. గడ్డివామును శాలలోనే పెట్టరాదు. గాలి ఆడేలా కిటికీలు తెరిచి ఉంచాలి.

మందులు

వాపు తగ్గించడానికి డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి స్టీరాయిడ్లు, గొట్టాలు తెరుచుకోవడానికి క్లెన్‌బ్యుటెరాల్ వంటివి వాడతారు. వీటిని డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి. స్టీరాయిడ్ల వాడకంలో కొన్ని గుర్రాలకు గిట్టలలో వాపు వచ్చే ప్రమాదం ఉంది. తీవ్రమైన ఉబ్బసం పూర్తిగా నయం కాదు. మందుతో తగ్గినా, మళ్ళీ అదే దుమ్ములో కట్టేస్తే తిరగబెడుతుంది.

గుర్రం మీదే బతికే కుటుంబాలున్నాయి. ఆయాసపడే గుర్రాన్ని సోమరిదని కొట్టడం, ముసలిదైందని తక్కువకు అమ్మేయడం వల్ల ఇద్దరికీ నష్టమే. పైగా శాలలోనే పడుకునే కాపరి పీల్చేదీ అదే గాలి. శాల బాగుచేస్తే అతని ఊపిరితిత్తులకూ మేలు. మీకు తెలిసిన గుర్రపువాళ్ళకు ఈ విషయాలు చెప్పండి. ముందుగా శ్వాసలు లెక్కపెట్టడం నేర్పండి, దానికి ఒక్క నిమిషం చాలు.

– ఎం.వి.ఎస్సీ. విద్యార్థి, హాస్టల్ పూర్వ విద్యార్థి