పిలవని పని, ఇవ్వాలా వద్దా?

టిఫిన్ ముగించుకుని భార్యాభర్తలిద్దరూ బయటికొచ్చారు. కారు వెనక్కి తీస్తుంటే ఎక్కడినుంచో ఒకతను వచ్చి, ఈల వేస్తూ "రానీ, రానీ" అని చెయ్యి ఊపాడు. ఆమె పర్సులోంచి 20 రూపాయలు తీసింది. "అతన్ని మనం పిలిచామా?" అన్నాడు భర్త. చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇల్లు చేరేదాకా ఇద్దరి మధ్యా మాటల్లేవు.

రూపాయి రూపాయికీ లెక్క చూసుకున్న ఇంట్లో పెరిగినవారికి, అడగని పనికి డబ్బిస్తే మోసపోయినట్టుంటుంది. గుమ్మంలోకి వచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపకూడదని వింటూ పెరిగినవారికి, ఇవ్వకపోతే తప్పు చేసినట్టుంటుంది. రెండూ పెంపకంతో వచ్చినవే. కాబట్టి 'పిసినారి', 'దుబారా' అనే మాటలు ముందు మానేయండి. ఆపైన ఈ నాలుగూ పాటించండి.

వద్దనేది ముందే అనండి. సిగ్నల్ దగ్గర అద్దం మీద గుడ్డ పడకముందే, స్టేషన్లో సూట్‌కేసు మీద చెయ్యి పడకముందే "వద్దు బాబూ" అనేయాలి. పనంతా చేయనిచ్చి, తీరా అయ్యాక ముఖం తిప్పుకోవడం న్యాయం కాదు.

బలవంతం వేరు, శ్రద్ధ వేరు. బిల్లులో సర్వీస్ చార్జీని హోటళ్లు వాటంతటవే కలిపేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో మార్గదర్శకాలిచ్చింది. 2025లో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అలా కలిపితే తీసేయమని నిస్సంకోచంగా అడగండి. ఒకరికి మొహమాటమైతే రెండోవారు అడగాలి. అడక్కుండానే పాపకు గోరువెచ్చని నీళ్లు తెచ్చిపెట్టిన సర్వర్ సంగతి వేరు. అతని చేతిలో మనస్ఫూర్తిగా 50 రూపాయలు పెట్టండి.

నెలకింత అనుకోండి. 300 రూపాయలో, 500 రూపాయలో మీ స్తోమతను బట్టి చిల్లరగా మార్చి కారులో ఉంచండి. అందులోంచి ఎవరు ఎవరికిచ్చినా రెండోవారు ఆరా తీయకూడదు. అయిపోతే ఆ నెలకు అంతే.

నలుగురిలో చెయ్యి ఆపకండి. ఇవ్వబోతున్నవారిని ఇవ్వనివ్వండి, వద్దన్నవారి మాటనూ అక్కడ కాదనకండి. ఏమన్నా ఉంటే ఇంటికెళ్లి, స్థిమితంగా మాట్లాడుకోండి.

ఈల వేసినతను మరుక్షణం ఇంకో కారు దగ్గరికి వెళ్లిపోతాడు. పక్క సీట్లో చిన్నబుచ్చుకున్న మనిషి మీతోపాటే ఇంటికి వస్తారు. ఆ 20 రూపాయలు ఇచ్చినా, ఇవ్వకపోయినా ముందు చూసుకోవలసింది ఆ మనసునే.