పెరటి కోళ్లకు ఏ జాలి?

సాయంత్రం లెక్కపెట్టిన కోళ్లు తెల్లవారేసరికి రెండు తగ్గుతాయి. హైదరాబాదులో రూపొందిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను పెరట్లో పెంచేవారికి ఇది తెలిసిన బాధే. జాలి కట్టాం కదా అంటారు. ఏ జాలి అన్నదే అసలు సంగతి.

‘కోళ్ల జాలి’ పేరుతో దొరికే ఆరుపలకల గళ్ల సన్నతీగ జాలి కోళ్లను బయటికి పోనివ్వదు, అంతే. కుక్క పళ్లతో పట్టి లాగితే చిరిగిపోతుంది. రెండంగుళాల గళ్ల చైన్‌లింక్ కుక్కను ఆపుతుంది గాని, పాములు, పందికొక్కులు, ముంగిస పిల్లలు దాంట్లోంచి దూరగలవు. అందుకే కింది రెండడుగుల మేర అరంగుళం గళ్ల వెల్డెడ్ మెష్ వేయడం మేలు. మరీ చిన్న పామును అదీ ఆపలేదు.

తవ్వే జంతువు సాధారణంగా కంచె మొదట్లోనే గీరుతుంది. కాస్త వెనక్కి జరిగి తవ్వాలని దానికి తట్టడం అరుదు. కాబట్టి జాలి అంచును అడుగు వెడల్పున బయటివైపుకు వంచి, మట్టి కప్పితే లోతుగా పాతే శ్రమ తప్పుతుంది.

గాల్వనైజ్డ్ తీగపై ఉండే జింకు తాను ముందు కరిగిపోతూ ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది. తడి రెట్ట, దాంట్లోంచి వచ్చే అమ్మోనియా ఆ పూతను త్వరగా తినేస్తాయి. నేలను తాకే భాగాన్ని ఏటా వానలకు ముందు లాగి చూడాలి.

పైన నైలాన్ వల గద్దకు చాలు, అడవి పిల్లికి చాలదు. రాత్రికి గట్టి గూడు ఉండాల్సిందే. ఇక ముంగిసకు ఉచ్చు పెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది రక్షిత జంతువు.