శంషాబాదు విమానాశ్రయం - మౌలిక వసతుల భవిష్యత్తు

హైదరాబాదు నుండి బెంగళూరుకు పోయే జాతీయ రహదారిపై, నగరానికి దక్షిణంగా శంషాబాదు ఉంది. రెండు దశాబ్దాల క్రితం వరకు అది పాలమూరు బస్సులు ఆగి సాగిపోయే చిన్న ఊరు. చుట్టూ రాళ్లగుట్టలు, చెరువులు, ద్రాక్షతోటలు, కూరగాయల మళ్లు ఉండేవి. నేడు అదే నేలపై 4,260 మీటర్ల పొడవైన రన్‌వే ఉంది. ఈ మార్పు ఎట్లా జరిగింది? దీనికి మూల్యం ఎవరు చెల్లించారు? అభివృద్ధి చెందుతున్న దేశంలో నిర్మాణరంగం ఏ దారిన సాగుతున్నదో తెలుసుకోవడానికి ఈ ఒక్క ఊరి కథను పరిశీలించినా చాలు.

రహదారులు, రైలుమార్గాలు, విద్యుత్తు, నీటి సరఫరా, ఓడరేవులు, విమానాశ్రయాలు మొదలైన వాటిని మౌలిక వసతులు అంటారు. ఇవి అంగడిలో అమ్ముడుపోయే సరుకులు కావు. కాని ఇవి లేనిదే ఏ సరుకూ అంగడికి చేరదు. వీటి నిర్మాణానికి అపారమైన ధనం కావాలి. పెట్టిన పెట్టుబడి తిరిగి రావడానికి ఇరవై ముప్పై ఏళ్లు పడుతుంది. అందువలన స్వాతంత్ర్యానంతరం చాలాకాలం ప్రభుత్వమే ఈ బాధ్యతను వహించింది. 1991 ఆర్థిక సంస్కరణల తరువాత ప్రైవేటు సంస్థలకు కూడా ఈ రంగంలో ప్రవేశం లభించింది.

నిజాం కాలంలో ఏర్పడిన బేగంపేట విమానాశ్రయం చుట్టూ కాలక్రమాన నగరం అల్లుకుపోయింది. దాన్ని విస్తరించడానికి స్థలం లేకపోయింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత విదేశీ ప్రయాణాల రద్దీ మరింత పెరిగింది. దానితో శంషాబాదులో సుమారు 5,500 ఎకరాలలో కొత్త విమానాశ్రయాన్ని నిర్మించాలని సంకల్పించారు. 2004 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 2005 మార్చి 16న శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 14న ప్రారంభోత్సవం జరిగి, అదే నెల 23 నుండి విమానాల రాకపోకలు మొదలయ్యాయి. మన దేశంలో పెద్ద నిర్మాణాలు అనుకున్న గడువుకు పూర్తికావడం అరుదు. మూడేళ్లలో ఇంతటి పని ముగియడం నిజంగా మెచ్చుకోదగిన విషయం.

రాజాంలో జన్మించిన గ్రంథి మల్లికార్జునరావు స్థాపించిన జి.ఎం.ఆర్. సంస్థకు ఈ విమానాశ్రయంలో మొదట 63 శాతం వాటా ఉండేది. రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు 13 శాతం, మలేషియా సంస్థకు 11 శాతం వాటాలు ఉండేవి. దీనినే ప్రభుత్వ - ప్రైవేటు భాగస్వామ్యం అంటారు. ఏటా కోటీ ఇరవై లక్షలమంది ప్రయాణికుల కొరకు నిర్మించిన ఈ విమానాశ్రయాన్ని తరువాత మూడు కోట్ల నలభై లక్షల మందికి సరిపోయేటట్లు విస్తరించారు. 2023-24లోనే ప్రయాణికుల సంఖ్య రెండున్నర కోట్లకు చేరింది.

ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. ఆ ఒప్పందంలోని ఒక నిబంధనను మాత్రం విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుండి 25 సంవత్సరాల వరకు, దానికి 150 కిలోమీటర్ల లోపల మరొక విమానాశ్రయానికి అనుమతి ఇవ్వరాదు. బేగంపేటలో పౌర విమానాల రాకపోకలు అందువల్లనే నిలిచిపోయాయి. 2008 మార్చిలో అక్కడి ఉద్యోగులు ఆందోళన చేసినా ఫలితం లేకపోయింది. వరంగల్లు సమీపంలోని మామునూరులో నిజాం కాలపు విమానాశ్రయం ఉంది. దాని పునరుద్ధరణకు కూడా ఈ నిబంధన ఏళ్ల తరబడి అడ్డుగా నిలిచింది. శంషాబాదు సంస్థ సమ్మతి తెలిపిన తరువాతనే, 2025లో కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చింది. ఈ నిబంధనను కేవలం అన్యాయమని త్రోసిపుచ్చడానికి వీలులేదు. ప్రక్కనే పోటీ వెలుస్తుందన్న భయముంటే వేలకోట్ల రూపాయల అప్పు ఏ బ్యాంకూ ఇవ్వదు. కాని ఆ ఒప్పందంపై సంతకం చేసినవారిలో వరంగల్లు పౌరుడు లేడు. ఆనాటికి పుట్టని పిల్లవాడు కూడా దానికి కట్టుబడి ఉండవలసి వచ్చింది.

ఇక నేల సంగతి. భూసేకరణలో పొలాలు ఇచ్చిన రైతులకు ఆనాటి ధర ప్రకారం పరిహారం లభించింది. విమానాశ్రయం వచ్చిన తరువాత చుట్టుప్రక్కల భూముల విలువ ఎన్నోరెట్లు పెరిగింది. ఆ పెరుగుదల నేల మిగిలినవారికి దక్కింది గాని నేల ఇచ్చినవారికి దక్కలేదు. జి.ఎం.ఆర్. వరలక్ష్మి ఫౌండేషన్ పరిసర గ్రామాల యువతకు వృత్తి శిక్షణ ఇస్తున్నది. అది మంచి పనే. అయినా శిక్షణ పొందిన కుమారుని జీతాన్ని, కోల్పోయిన చేనును ఒకే త్రాసులో తూచడం కష్టం.

కట్టిన చేతుల మాట కూడా చెప్పుకోవాలి. నాగార్జునసాగర్ మొదలుకొని దేశంలోని ఎన్నో ఆనకట్టల నిర్మాణంలో పాలమూరు కూలీలు చెమటోడ్చారు. గుంపు మేస్త్రీ వద్ద ముందుగా బయానా తీసుకొని, కుటుంబాలతో సహా వలసపోవడం వారికి తరతరాల అనుభవం. ఇట్టివారి కొరకు 1996లో పార్లమెంటు నిర్మాణ కార్మికుల చట్టం చేసింది. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సుగా వసూలుచేసి సంక్షేమ నిధికి జమచేసే ఏర్పాటు జరిగింది. అయితే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్లు రుజువు చూపితేనే పేరు నమోదవుతుంది. నెలకొక చోట పనిచేసే మనిషి ఆ రుజువు ఎవరి వద్ద తేగలడు? నిధి ఉండి కూడా అందకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

విమానాశ్రయం వెంట రహదారులు వచ్చాయి. మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో ప్రారంభమైంది. దాని క్రింద నివసించేవారు నేడు తమ చిరునామాను స్తంభం సంఖ్యతో చెప్పుకుంటారు! 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి 2018 నాటికి పూర్తయింది. 2023లో దానిని 7,380 కోట్ల రూపాయలకు 30 ఏళ్ల కౌలుకు ఇచ్చారు. ప్రభుత్వానికి ఆ మొత్తం ఒకేసారి ముట్టింది. రాబోయే ముప్పై ఏళ్ల టోలు ఆదాయం మాత్రం చేజారింది.

అన్నింటికంటె చిక్కైన ప్రశ్న నీటిది. 1908 మూసీ వరదల తరువాత నగర రక్షణకై ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను నిర్మించారు. వాటికి పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో భారీ నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో 111వ నంబరు ఉత్తర్వు వెలువడింది. శంషాబాదు మండల గ్రామాలు కొన్ని ఆ పరిధిలోనివే. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. అంతకు రెండేళ్ల ముందే, 2020 అక్టోబరు వర్షాలకు గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు తెగి బెంగళూరు రహదారి కొట్టుకుపోయింది. ప్రాణనష్టం కూడా జరిగింది. విమానాశ్రయానికి పోయే పాత దారి అదే.

నిర్మాణరంగానికి మున్ముందు పని కొరత ఉండదు. నగరం నుండి విమానాశ్రయానికి మెట్రో రైలు కొరకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. మరుసటి ఏడాది ప్రభుత్వం మారగానే ఆ మార్గమే మారిపోయింది. 2023 మేలో ఉత్తరాంధ్రలోని భోగాపురంలో మరో విమానాశ్రయానికి శంకుస్థాపన చేశారు. నిర్మాణ బాధ్యత జి.ఎం.ఆర్. సంస్థదే. అక్కడ నాలుగు గ్రామాల ప్రజలు ఇళ్లు ఖాళీచేసి పునరావాస కాలనీలకు తరలివెళ్లారు.