మాటకు అర్థము, మాటలో భావము

పదవ తరగతి తెలుగు పరీక్షయందు అపరిచిత గద్యమునో పద్యమునో యిచ్చి ప్రశ్నలడుగుట కలదు. వల్లెవేసిన పాఠము ఇచ్చట అక్కఱకు రాదు. పదములన్నిటికి అర్థము తెలిసియు విద్యార్థులు తప్పు జవాబులు వ్రాయుటను మేము పలుమాఱు చూచితిమి. పదమునకు అర్థమెఱుగుట వేఱు. మాటకు తాత్పర్యమెఱుగుట వేఱు.

మన లాక్షణికులు అర్థము మూడు విధములని చెప్పిరి: వాచ్యము, లక్ష్యము, వ్యంగ్యము. ‘గంగలో పల్లె’ యనునది వారి ప్రసిద్ధోదాహరణము. నీటిలో పల్లె నిలువదు గనుక గంగయొడ్డున పల్లె యని గ్రహింపవలెను, అది లక్ష్యార్థము. ఆ పల్లె చల్లనిది, పావనమైనది యని తోచుట వ్యంగ్యార్థము. అట్లే ‘తెల్లవాఱకమున్నే గవర్నరుపేట మేల్కొన్నది’ యనినచో, మేల్కొన్నవి వీధులు గావు, మేల్కొన్నవారు జనులు. బుడమేటిని ‘విజయవాడ దుఃఖదాయిని’ యందురు. ఏటికి పగ లేదు. ఇండ్లు మునిగినవారి శోకమే యా పేరున వినబడును. 2024 సెప్టెంబరు వరద యిందుకు సాక్ష్యము. వాచ్యార్థము పొసగనిచోట ఆగి యోచింపవలెనని దీనివలన తేలుచున్నది.

ఇక పలుకు తీరు. దీనిని మనవారు కాకువనిరి. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఇల్లు చేరిన బాలునితో తల్లి ‘ఎంత త్వరగా వచ్చితివి నాయనా!’ యన్నది. ఇది మెప్పా, దెప్పా? అచ్చులో గొంతు వినబడదు గనుక ప్రక్క వాక్యములను చూడవలెను. అన్నము చల్లారినదని యున్నచో దెప్పు. ఆమె సాయంకాలమునుండి గుమ్మముననే నిలిచియున్నదని కూడ నున్నచో, ఆ దెప్పు వెనుక బెంగ.

కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున వెలసిన ఆంధ్రమహావిష్ణువుపై కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకమును వ్యాజస్తుతిగా రచించెను. పైకి నింద, లోపల భక్తి. మాటలనే పట్టుకొన్నవాడు ఆ భక్తుని దైవదూషకుడని తలచును.

సమూయేలు రెండవ గ్రంథము 12వ అధ్యాయమున నాతాను ప్రవక్త, పేదవాని యేకైక గొఱ్ఱెపిల్లను ధనవంతుడొకడు హరించిన కథను దావీదు రాజునకు చెప్పెను. రాజు దానిని జరిగినదానిగనే యెంచి మండిపడెను. ఆ దోషి తానేయని ప్రవక్త చెప్పినపిమ్మటగాని తెలియలేదు. భావము తెలియనిచోట పోవునవి మార్కులు మాత్రమే కావు.

కావున విద్యార్థులారా, తొలుత ఖండమునంతయు చదువుడు. ఎవరు, ఎవరితో, ఏ సమయమున పలికిరో చూడుడు. పొసగని మాటక్రింద గీత గీయుడు. మీ జవాబునకు ఆధారమైన వాక్యమును ఖండమునందే చూపగలరేమో పరికింపుడు. చూపలేనిచో అది మీ యూహయేగాని రచయిత భావము గాదు. తల్లిదండ్రులును ఇంట సామెత దొరలినప్పుడెల్ల ‘దీని భావమేమి?’ యని పిల్లలనడిగినచో, ఖర్చులేని సాధన దినదినమును జరుగును.